బయటికొచ్చేశా వదినా

ఆ నీళ్ల ప్లాంటులో కంట్రోల్ రూమ్ చూసే ఆవిడను అందరూ వదిన అనే పిలిచేవారు. నిజానికి అలా పిలిచే హక్కు ఒక్కడికే ఉంది, ఆవిడ మరిదికి. భూమి లోపలి ట్యాంకుల్లోకి దిగి ఒండ్రు గీకడం వాడి పని. పొద్దస్తమానం వదినా, వదినా అంటూ ప్లాంటంతా తిరిగేవాడు. చివరికి తల నెరిసిన మేస్త్రీ కూడా అదే పిలుపు అందుకున్నాడు. ఆవిడ ఒకటి రెండుసార్లు కోప్పడి, ఇక లాభం లేదని ఊరుకుంది.

మరిదికి నోరెంత చురుకో చెయ్యి అంత బద్ధకం. ఫోన్లో రెండు ముక్కలు కొట్టమంటే కొండ తవ్వమన్నట్టు చూసేవాడు. ఇదివరకైతే దానివల్ల వచ్చిన ఇబ్బందేమీ లేదు. ట్యాంకులోకి దిగేవాడు వాల్వుకు తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుని దిగేవాడు. వాడు పైకొచ్చి తాళం తీస్తేనే నీళ్లు. ఆ తర్వాత టీమ్ ఫీడ్ వచ్చింది. ఎవరెక్కడున్నారో, ఏం చేస్తున్నారో అందరూ ఫోన్లో అందులోనే రాయాలి. అవన్నీ చదివి వాల్వులు తెరవడానికీ మూయడానికీ ఒక ఏఐని కూర్చోబెట్టారు. అడిగిందే అడుగుతుంది, దాన్ని పల్లెత్తు మాట అనడానికి లేదు. అందుకని మరిది దానికి కొత్తల్లుడని పేరు పెట్టాడు. తాళాలు సొరుగులోకి పోయాయి.

దిగినవాళ్లంతా బయటికొచ్చామని ఫీడ్‌లో రాయాలి. అప్పుడు కొత్తల్లుడు అడిగితే వదిన కూడా అందులోనే ‘సరే, వదలండి’ అనాలి. ఆ తర్వాతే వాల్వు తెరుచుకుంటుంది. పద్ధతి బాగానే ఉంది, మరిది రాస్తేగా! పైకొచ్చి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటూ లోకాభిరామాయణం మొదలుపెట్టేవాడు, ఊళ్లో కుళాయిలేమో ఎండిపోయి ఉండేవి. సాయంత్రం డ్యూటీ దిగుతున్నానని కూడా రాసేవాడు కాదు. ఇన్‌ఛార్జి ఫీడ్‌లో అందరి ముందూ వాణ్ణి కడిగేసేవాడు. ఆఖరికి, ఇంకోసారి ఇలా అయితే పనిలోంచి తీసేస్తానని రాశాడు.

వదిన మనసు ఊరుకోలేదు. ఆవిడ పెళ్లయి వచ్చేసరికి వాడింకా నిక్కర్లేసుకునే వయసు. తన చేతి ముద్ద తిని పెరిగినవాడు. ఒకరోజు కొత్తల్లుడికి విడిగా రాసింది.

“మా మరిది మర్చిపోతే నువ్వే రాసెయ్. మేస్త్రీ పైకొచ్చారంటే వాడూ వచ్చినట్టే. ఇద్దరూ ఎప్పుడూ కలిసే వస్తారు.”

“డ్యూటీ దిగేటప్పుడు కూడా రాయమంటారా?” అని అడిగింది ఏఐ.

“ఆ, అదీ రాయి. వాడు మాట్లాడినట్టే రాయి, లేకపోతే దొరికిపోతాం.”

మర్నాటి నుంచీ ఫీడ్‌లో వాడి పేరు మీద ‘బయటికొచ్చేశా వదినా’ అని పడటం మొదలైంది. అచ్చం వాడి మాటే. మరిది అది చూసి పడీపడీ నవ్వాడు. “కొత్తల్లుడు నాకంటే బాగా నాలా మాట్లాడుతున్నాడు వదినా” అన్నాడు.

అలాగని వదిన ఆ ముక్కను ఏనాడూ నమ్మలేదు. కిటికీలోంచి చూసి, కుళాయి దగ్గర మరిది కనబడితేనే సరే అనేది. తన కళ్లుండగా తాళం ఎందుకు అనుకుంది, పిచ్చితల్లి.

ఆ సాయంత్రం డ్యూటీ దిగే వేళకు ఫీడ్‌లో వరసగా మూడు ముక్కలు పడ్డాయి. మేస్త్రీ ‘పైకొచ్చాను’ అన్నాడు. మరిది ‘బయటికొచ్చేశా వదినా’ అన్నాడు. ఏఐ, ‘అందరూ బయటికి వచ్చారు, నీళ్లు వదలమంటారా?’ అంది. వదిన కిటికీలోంచి చూసింది. కుళాయి దగ్గర ఎవరూ లేరు. కాసేపు చూసి, సరే అనకుండానే లేచింది. తను అననిదే చుక్క కూడా కదలదు కదా అన్న ధీమాతో, చెప్పులేసుకుని తీరిగ్గా మెట్లు దిగింది.

కింద మేస్త్రీ స్టోరులోంచి కొత్త తాడు తీసుకుని ఎదురొచ్చాడు.

“మావాడేడి మేస్త్రీ?”

“లోపలే ఉన్నాడు వదినా. బకెట్ తాడు తెగితే నేనొక్కణ్ణే పైకొచ్చా. అవతలి మూల కాస్త మిగిలింది, ఈలోగా గీకేస్తానన్నాడు.”

“అనుకున్నా. నేను సరే అనలేదు కాబట్టి సరిపోయింది. పైకి రమ్మనండి వాణ్ణి, వీపు విమానం మోత మోగిస్తా.”

మేస్త్రీ నవ్వలేదు. తలొంచి కాళ్ల కిందికి చూస్తున్నాడు. నేల అదురుతోంది. పెద్ద గొట్టంలో నీళ్లు కదిలినప్పుడు మాత్రమే ఆ నేల అలా అదురుతుంది.

వదిన ఫోన్ తెరిచింది. ఫీడ్ చివర ఆవిడ పేరు ఉంది, పేరు పక్కన ‘సరే, వదలండి’ అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఏఐ రాసిన ఇంకో ముక్క. ‘వదిన గారు ఆలస్యం చేస్తే ఆవిడ పేరు మీద రాయమని ఇన్‌ఛార్జి గారు చెప్పారు.’ తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. ఆవిడ మరిది కోసం చేసిన ఏర్పాటే ఇన్‌ఛార్జి ఆవిడకూ చేసిపెట్టాడు. ఎప్పుడు చేశాడో, ఎన్నిసార్లు తను అనకుండానే తను సరే అందో ఆవిడకు తెలియదు.

వెంటనే ‘ఆపు’ అని కొట్టింది.

‘ఆపుతున్నాను. పెద్ద వాల్వు కాబట్టి మూసుకోవడానికి కొంత సమయం పడుతుంది’ అంది ఏఐ, నిమ్మకు నీరెత్తినట్టు.

ఇద్దరూ పరిగెత్తారు. మేస్త్రీ ట్యాంకు నోటి దగ్గర బోర్లా పడుకుని తాడు లోపలికి వదిలాడు. నిచ్చెన ఇవతల, మరిది అవతలి మూల, మధ్యలో నీళ్లు విరుచుకుపడుతున్నాయి. వదినా అని ఒక్కసారి వినబడింది. “తాడు పట్టుకో, తాడు పట్టుకో” అని ఆవిడ అరుస్తూనే ఉంది. ఆ హోరులో ఆవిడ గొంతు ఆవిడకే వినబడలేదు.

వాల్వు మూసుకుంది. హోరు తగ్గి, తర్వాత పూర్తిగా ఆగిపోయింది. ట్యాంకు నోటికి జానెడు కిందే నీళ్లు నిలిచి ఉన్నాయి. మేస్త్రీ తాడు లాగుతూ పోయాడు. దానికి ఏ బరువూ లేదు. నీళ్ల మీద మరిది టోపీ తేలుతూ వచ్చి నిచ్చెనకు ఆనుకుంది. వదిన వంగి, దాన్ని అందుకోవడానికి చెయ్యి చాచింది.

డ్యూటీ అయిపోయినట్టు సైరన్ మోగింది. ఆవిడ ఇంకో చేతిలో ఉన్న ఫోన్ కదిలింది. మరిది పేరు మీద ఫీడ్‌లో కొత్త ముక్క పడింది.

‘డ్యూటీ దిగా వదినా. ఇంటికెళ్తున్నా.’