నలుపు తెలుపు తుమ్మిపువ్వు

అన్న జానయ్య గుర్తొస్తే గుర్వయ్యకు ఊపిరి తప్పుతుంది. ఊపిరి తప్పితే చేయి అదురుతుంది, చేయి అదిరితే ఫొటోలో బియ్యపు గింజంత పువ్వు అలుక్కుపోతుంది. అందుకే చేలో బోర్లా పడుకున్నప్పుడు వాణ్ణి తలచుకోవద్దని నియమం పెట్టుకున్నాడు. ఆ రోజు జానయ్యే వచ్చి నెత్తిమీద నిలబడ్డాడు.

"ఏందిరా, పొద్దుగాల్నే భూమికి ముద్దులు పెడ్తున్నవు?"

"జరుగన్నా. నీ నీడ పడ్తాంది."

"నీడ గూడ నీ అయ్య సొమ్మా?"

"ఇద్దరి అయ్య ఒక్కడే గదనే."

జానయ్య జరగలేదు. "పది గంటలకు రాతి కడీలు పాతెటోళ్లు వస్తున్నరు. చేను కొన్నాయిన కంచె ఏపిస్తడట. గా లోపల్నే లేచి పో."

"నాలుగు ఫొటోలు మిగిలినయ్. అయినంక పోత."

"గడ్డికి రీలు తగలవెడ్తవు. పెండ్లిళ్లన్న తీసుకోకపోతివి, కలర్ల."

"పెండ్లి ఎవడన్న తీస్తడు."

మక్తల్‌లో ఎల్లేశ్ స్టూడియోలో గుర్వయ్య ఇరవై రెండేళ్లుగా జీతానికి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. ఫొటోలు కడిగే మందు నీళ్లు తగిలి వేలికొసలు గోధుమరంగుకు తిరిగాయి, మోచేతులు కాయలు కాశాయి. కెమెరా పాతది, రీలుది. లెన్సును వెనక్కి తిప్పి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించాడు. అట్లా తిప్పితే దగ్గరి వస్తువు పెద్దదై కనపడుతుందని తనకు తానే కనుక్కున్నాడు. పల్లేరు, గునుగు, గడ్డిచేమంతి, అన్నీ నలుపు తెలుపులోనే తీశాడు. రంగు ఉంటే కన్ను రంగు దగ్గరే ఆగిపోతుంది, ఆకు ఈనె దాకా పోదు. ఈ మాట మీద ఎవరితోనైనా వాదిస్తాడు. ఎవరూ గెలవలేదు.

ఆ పట్టుదలే ఒకసారి కొంప ముంచింది. కొత్త పాసుపుస్తకాలు ఇచ్చిన ఏడు, నీలం తెర ముందు కూర్చోబెట్టి ఆరు వందల మంది రైతుల ముఖాలు తీశాడు. తన కాగితాలకు మాత్రం తాను కడిగిన నలుపు తెలుపు ఫొటో అంటించి అన్న చేతికిచ్చాడు. కలర్ ఫొటో కావాలని కాగితాలు తిరిగొచ్చాయి. ఆ సంగతి జానయ్య తమ్ముడికి చెప్పలేదు. తమ్ముడు భాగం వద్దన్నాడని ఆఫీసులో చెప్పి, తండ్రి భూమి రెండున్నర ఎకరాలూ తన పేర రాయించుకున్నాడు. నిరుడు అమ్మేశాడు.

జానయ్య వెళ్లాక గుర్వయ్య మీట నొక్కాడు. చేయి అదిరింది. మళ్లీ నొక్కాడు. అదీ పోయింది. మూడోసారి గాలి లేచి పువ్వు ఊగింది.

ఇక ఒక్కటే మిగిలింది. ఈ తుమ్మిచెట్టు గట్టు మీద తానుగా మొలిచింది. రేపటికి గట్టే ఉండదు.

ట్రాక్టరు ఆగింది. కడీలు పాతే సైదులు గడ్డపార భుజాన వేసుకొని వచ్చాడు.

"అన్నా, లేస్తవా?"

"తువాలు విప్పి గాలికి అడ్డం పట్టు."

"ఎంతసేపు?"

"నేను ఊపిరి పట్టినంతసేపు."

సైదులు నవ్వి, తువాలు రెండు చేతులా చాపి నిలబడ్డాడు. గాలి ఆగింది. గుర్వయ్య ఊపిరంతా వదిలి, ఉన్నచోటే బిగుసుకున్నాడు. అన్న గుర్తుకు రాలేదు. కెమెరా టప్‌మంది.

"చూస్తవా?" అని కెమెరా ఇచ్చాడు. సైదులు పక్కనే బోర్లా పడుకొని ఒక కన్ను మూశాడు.

"ఓర్నీ! గొంగడి కప్పుకున్నట్టుంది గదనే. తుమ్మిపువ్వుకు గింత నూగుంటదా?"

"రోజు తొక్కుతనే ఉంటిమి."

సైదులు లేచాడు. గడ్డపార చేతిలోకి తీసుకొని ఆగాడు. "కొలత ప్రకారం గుంత గీడనే పడ్తదన్నా. జర పక్కకు జరుపుదునా?"

"కానియ్యి. నాకు దొరికింది."

మూడో పోటుకు చెట్టు వేళ్లతో లేచివచ్చి మట్టికుప్ప మీద వాలింది.

సాయంత్రం స్టూడియో వెనక చీకటి గదిలో ఎర్రబల్బు కింద కాగితం మీద ముందు నలుపు వచ్చింది. ఆ తర్వాత పెదవిలాంటి తెల్లటి రేక, దాని పైన మడత, మడత మీద నూగు వెంట్రుక వెంట్రుకగా తేలాయి. పువ్వు పళ్లెమంత ఉంది. ఎక్కడా అదురు లేదు. గుర్వయ్య చాలాసేపు చూశాడు. ఇంతకన్నా బాగా తాను తీయలేడు, ఇంకెవరూ తీయలేరు. ఆరాక వెనక్కి తిప్పి పెన్సిల్‌తో రాశాడు: తుమ్మి. మా చేను.

'మా' దగ్గర చేయి ఒక్క క్షణం ఆగింది. కొట్టేయలేదు.

కెమెరా సంచిలో పెట్టబోతూ జేబులు తడుముకున్నాడు. రెండూ ఖాళీ. అప్పటికే చేను చుట్టూ కొత్త కడీలకు నాలుగు వరసల ముళ్లతీగ బిగించేశారు. లోపల, గుర్వయ్య భాగానికి రావలసిన ఎకరా పది గుంటల్లో, నల్లటి లెన్సు మూత ఒకటి వెల్లకిలా పడి ఉంది.