పదకొండు కుట్లు

మోచేతి దాకా చెయ్యి భట్టీలో పెట్టి ఢిల్లీశ్వరరావు అంకెలు లెక్కపెడుతున్నాడు. తొమ్మిది, పది, పదకొండు. పన్నెండు దగ్గర చర్మం చుర్రుమంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తెల్లవారుజామున వేసిన పావురొట్టెలు మూడు వాయిలూ దిగిపోయాయి. సరుగుడు నిప్పులు పక్కకి నెట్టి బూడిద ఊడ్చేశాడు. ఇక ఆ వేడి తనంతట తాను తగ్గాలి. పదిహేను దాకా చెయ్యి ఓర్చుకుంటే టర్కీ కోడికి సరిపోయే సెగ. ఈ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. ముప్ఫయ్యొక్క ఏళ్లుగా అతని కుడిచేతి మీదే ఉంది. అందుకే ఆ చేతి మీద వెంట్రుకలు మొలవడం మానేశాయి.

మనిషి సన్నం. యాభై ఎనిమిదేళ్లు. కనుబొమల్లో ఎప్పుడూ కాస్త పిండి ఉంటుంది, అది పిండో నెరిసిన వెంట్రుకలో చెప్పడం కష్టం. బరంపురం బడాబజారు వెనక సందులో ఉన్న ఆ బేకరీకి వచ్చేవాళ్లంతా అతన్ని ఢిల్లీ అంటారు. ఢిల్లీ మాట దేవుడెరుగు, ఇటు విశాఖపట్నం, అటు ఖుర్దారోడ్డు దాటి ఎరగడు. సొంతూరు గిరిసోల. భార్య సీతాలు అక్కడే ఉంటుంది. వారానికోసారి పాసింజరెక్కి వెళ్లివస్తాడు. చెప్పుకోదగ్గ గుణం ఒక్కటే, అనుమానం. టీకొట్టువాడు గ్లాసు నిండా పోస్తే నీళ్లు కలిపాడంటాడు. తక్కువ పోస్తే సరేసరి.

ఈ పదిరోజులుగా ఆ అనుమానానికి చేతినిండా పని దొరికింది. షాపు ముందుగదిలోకి కరెంటు ఓవెను వచ్చి, అట్టపెట్టె విప్పకుండానే కూర్చుంది. ఎవరో ఒకతను టేపు పట్టుకొచ్చి భట్టీ గోడ పొడవూ వెడల్పూ కొలిచి, ఢిల్లీని చూసి నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వు దేనికి? మొన్న ఆదివారం యజమాని పూర్ణచంద్ర సరిగ్గా భట్టీకి ఎదురుగా గోడ మీద కెమెరా బిగించాడు. దొంగ అన్నవాడు గల్లాపెట్టె దగ్గరికి వస్తాడు గానీ భట్టీలో దూరతాడా? ఇవన్నీ కలిపి చూసుకుంటే అతనికి తేలింది ఒకటే. భట్టీ పడగొడతారు, తనని పంపించేస్తారు. అన్నేళ్లు చేసిన మనిషిని ఊరికే పొమ్మంటే నలుగురూ నోళ్లు నొక్కుకుంటారు కనక, ముందు దొంగ అనిపిస్తారు. పని పోతే ఎలాగో బతుకుతాడు. దొంగ అనిపించుకుని సీతాలు ముందు మాత్రం నిలబడలేడు. ఆ భయంతో అన్నం కూడా సయించడం లేదు.

పైగా ఇవాళ క్రిస్మస్. నర్సమ్మ టర్కీ కోడి వచ్చే రోజు.

గోడమేకుకి వేలాడుతున్న ముక్కాలిపీట దించి, తడిగుడ్డతో తుడిచి, భట్టీకి ఎదురుగా వేశాడు. ఒక కాలు పొట్టి. దానికి గుడ్డపీలిక చుట్టి ఉంటుంది. ఏడాది పొడుగునా అది మేకు మీదే ఉంటుంది, ఎవరూ దాని మీద కూర్చోరు. నర్సమ్మ తెచ్చుకున్న పీట అది.

నర్సమ్మ అంటే సత్యవతి గారు. మిషన్ ఆసుపత్రిలో ఆపరేషన్ గదిలో చేసి రిటైరయిన మనిషి. ఆ వాడలో క్రైస్తవుల ఇళ్ల నించి పండగనాడు కోళ్లూ బాతులూ ఈ భట్టీకే వచ్చేవి. నర్సమ్మది మాత్రం టర్కీ. దాని కడుపులో కైమా, నెయ్యన్నం, జీడిపప్పు, ఉడికించిన గుడ్లు కూరి, ఆసుపత్రిలో కడుపు కుట్టినట్టే నల్లదారంతో కుట్టి తెచ్చేది. పదకొండు కుట్లు. పైకి లెక్కపెట్టి, అతని చేత కూడా లెక్కపెట్టించి అప్పగించేది. కాలాక మళ్లీ లెక్కపెట్టుకుని పట్టుకెళ్లేది.

ఢిల్లీ పనిలో చేరిన ఏడాది సీతాలుకి ఏడో నెల. ఇంట్లో రెండు పూటలా గంజే. ఆ కోడిని చేతిలోకి తీసుకోగానే నేతివాసనకి అతని బుద్ధి గడ్డి తింది. రెండు కుట్లు విప్పి, ఒక గుడ్డు తీసి జేబులో వేసుకుని, గోనెసంచులు కుట్టే సూదితో మళ్లీ కుట్టేశాడు. మధ్యాహ్నం నర్సమ్మ వచ్చి లెక్కపెట్టింది. పదకొండూ ఉన్నాయి. అయితే రెండింటి మీద వేలు ఆనించి, "ఇవి నా కుట్లు కావు" అంది. "ఠాకురాణి మీద ఒట్టమ్మా, నాను ముట్టనేదు" అని ఊరి అమ్మవారి మీద ఒట్టు పెట్టేశాడు ఢిల్లీ. పూర్ణచంద్ర తండ్రి అప్పట్లో యజమాని, పక్కనే ఉన్నాడు. నర్సమ్మ ఆయనతో ఒక్క ముక్క చెప్పలేదు. కోడి పట్టుకుని వెళ్లిపోయింది.

మరుసటి క్రిస్మస్‌కి పీట పట్టుకుని వచ్చింది. కోడిని భట్టీలో పెట్టింది మొదలు దించేదాకా, నాలుగు గంటలు, కదలకుండా కూర్చుంది. అప్పటినించీ ఏటా అంతే. పిల్ల బాగుందా అని అడిగేది. ఆ పిల్లకి టైఫాయిడ్ వస్తే ఆసుపత్రిలో మంచం ఇప్పించింది. ఎంత మంచిగా మాట్లాడినా చూపు మాత్రం కోడి మీంచి తిప్పేది కాదు. ఒక్క గుడ్డుకి ఏటా ఇంత కాపలానా అని ఢిల్లీకి కొన్నేళ్లు ఒళ్లు మండిపోయింది. తరవాత సిగ్గేసింది. నేనే తీశానని చెప్పేద్దామని ప్రతి ఏడూ అనుకునేవాడు. ఒట్టు గుర్తొచ్చి నోరు పెగిలేది కాదు.

ఏడున్నరకి స్కూటీ వచ్చి ఆగింది. దిగింది నర్సమ్మ కాదు, కోడలు ప్రియ. ఒక్కతే.

"నర్సమ్మ గారు రానేదేటమ్మా?"

"నీరసంగా ఉందంట బాబాయ్. చర్చికి కూడా మమ్మల్నే వెళ్లమన్నారు."

ఢిల్లీ ట్రే మీది గుడ్డ తీశాడు. ఆరు కిలోల పైనే ఉంటుంది. పసుపూ వెన్నా మిరియాలపొడీ శ్రద్ధగా పట్టించారు. కడుపు మాత్రం తెరిచే ఉంది. లోపల అన్నం కనిపిస్తోంది. ఒక్క కుట్టు లేదు. అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇదేటి, కుట్టనేదు?"

"వద్దన్నారు."

"ఎవులు?"

"అత్తమ్మే. ఈసారి కుట్టక్కర్లేదు, ఇలాగే ఇచ్చిరా అన్నారు. నాకు చర్చికి టైమైపోతోంది బాబాయ్."

నర్సమ్మ రాలేదు. కుట్టు వెయ్యలేదు. నెత్తిమీద కెమెరా. ఇంకేం కావాలి? సాయంత్రం జీడిపప్పు తగ్గిందంటే చాలు, పాత ఒట్టుతో సహా బయటికి లాగుతారు. అసలు ఆవిడా పూర్ణబాబూ కలిసి మాట్లాడుకున్నారేమో.

"అలగైతే నాను అట్టుకోను. నా ముందర కుట్టి ఇవ్వండి."

"నాకు కుట్టడం రాదు బాబాయ్!"

గోనెసూది తలుపు వారన గుచ్చే ఉంది. ఢిల్లీ దానివంక చూసి మొహం తిప్పుకున్నాడు. ఆ సూదిని ఏ కోడి మీదా మళ్లీ పెట్టలేదు. కాసేపు బుర్ర గోక్కుని, మైదా ముద్ద గట్టిగా కలిపి తెచ్చాడు. ప్రియ చూస్తుండగా కోడి కడుపు దానితో మూసి, అంచులు నొక్కాడు.

"నీ ఉంగరం దీని మీద అద్దమ్మా."

"దేనికి?"

"అద్దమంతన్నాను గదా. రేపు మాటొత్తాది."

ప్రియ నవ్వాపుకుని, వేలికున్న నక్షత్రపు ఉంగరం పిండిలో గుచ్చి తీసి, చెయ్యి తుడుచుకుని వెళ్లిపోయింది. ఢిల్లీ ట్రే ఎత్తి కెమెరాకి ఎదురుగా పట్టుకున్నాడు, ముద్ర బాగా కనపడేలా.

"అరే, ఏం చూపిస్తున్నావ్ ఢిల్లీ భాయి?" పూర్ణచంద్ర గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"సూసుకోండి బాబూ. మూతేసినట్టే ఉంది."

"దానికింకా వైరే కలపలేదు. మిస్త్రీ వస్తే కదా!"

ఆ మాట కూడా అతను నమ్మలేదు. కోడిని భట్టీలోకి తోశాడు.

అరగంటకోసారి ట్రే తిప్పడం, కారిన కొవ్వు గరిటెతో తీసి మళ్లీ కోడి మీదే పొయ్యడం, రొమ్ము మాడకుండా వెన్నలో తడిపిన గుడ్డ కప్పడం. చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి. చూపు మాటిమాటికీ పీట మీదికి పోతోంది. ఎవరూ లేని పీట ఆవిడ కన్నా గట్టిగా చూస్తున్నట్టుంది. టీకి కూడా వెళ్లలేదు. తను అటు వెళ్లిన క్షణాన ఎవరైనా భట్టీ తలుపు తీస్తే?

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాడు. "బట్టీ తీసెత్తారా బాబూ?"

పూర్ణచంద్ర నేల చూశాడు. "కొత్త సంవత్సరం రానీ. నువ్వు కౌంటర్లో కూర్చుందువులే."

భట్టీ సంగతి అనుకున్నట్టే అయింది, కౌంటరు మాట అతను నమ్మలేదు. అయినా దొంగ అనే మాట రాలేదు. ఎప్పుడు వస్తుందోనని ఢిల్లీ ఎదురుచూస్తూనే ఉన్నాడు.

పన్నెండయింది. కోడి కంచురంగుకి తిరిగింది. మైదా మూత రాయిలా గట్టిపడింది, నక్షత్రం చెక్కు చెదరలేదు. ఏటా పన్నెండు కొట్టేసరికి చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ లేచేది నర్సమ్మ. ఇవాళ పన్నెండున్నర దాటినా ఎవరూ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇక్కడే ఉంచితే చల్లారబెట్టాడంటారు, పట్టుకెళ్తే అడక్కుండా ఎత్తుకుపోయాడంటారు.

"బాబూ, నర్సమ్మ గారింటికి అట్టుకెల్తన్నాను. ఇప్పుడు పన్నెండు నలభై. దార్లో ఎక్కడా ఆగను" అని పూర్ణచంద్రకి చెప్పి, అతను ఊఁ అనేదాకా నిలబడి, ట్రే నెత్తినెత్తుకున్నాడు.

ఇంటిముందు కాగితపు నక్షత్రం వేలాడుతోంది. గుమ్మం నిండా చెప్పులు. పండగ భోజనానికి చుట్టాలు బాగానే దిగారు అనుకున్నాడు. లోపల మాట వినపడలేదు. ఎవరో చిన్నగా ప్రార్థన చదువుతున్నారు. ప్రియ బయటికి వచ్చింది. పొద్దుటి పట్టుచీరే. మొహం మాత్రం పొద్దుటిది కాదు.

"అత్తమ్మ పోయారు బాబాయ్. మేం చర్చి నించి వచ్చి పలకరించాం, కాఫీ అడిగారు. తెచ్చేసరికి కుర్చీలోనే…"

ఢిల్లీకి నెత్తిమీది ట్రే దించాలని తోచలేదు. ప్రియే పట్టుకుని అరుగు మీద పెట్టించింది. ఇద్దరూ దాని పక్కనే నిలబడ్డారు. ఇంత కోడిని ఇప్పుడేం చెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు.

"రాత్రి సూదిలో దారం ఎక్కించారు" అంది ప్రియ. "చెయ్యి వణికింది. పక్కన పెట్టేశారు. మా ఆయన నేను కుడతానన్నారు. అక్కర్లేదు, ఢిల్లీ దగ్గరికే కదా అన్నారు." కొంగుతో ముక్కు తుడుచుకుని, గుర్తొచ్చి తలెత్తింది. "ఎప్పుడూ ఆరు గుడ్లే పెడతారు. నిన్న ఏడు పెట్టారు. ఒకటి ఢిల్లీకివ్వండి అన్నారు. దేనికత్తమ్మా అంటే, అతనికి తెలుసులే అన్నారు. మీకేం తెలుసు బాబాయ్?"

అతను ట్రే పక్కన అరుగు మీద కూర్చున్నాడు. ఒక్క గుడ్డే అని ఆవిడకి మొదటినించీ తెలుసు. భోజనాల బల్ల దగ్గర ఆరుకి అయిదే వచ్చినప్పుడే తెలుసు. మూడు దశాబ్దాలు ఎదురుగా కూర్చుని, ఒక్కనాడూ నోరు జారలేదు.

"నానే తీసేనమ్మా" అన్నాడు. "ఆ యేడు నానే తీసేను. అబద్దపొట్టేసేను."

ఏ యేడో, ఏం తీశాడో ప్రియకి అర్థం కాలేదు. అడిగే ఓపికా లేదు. "మీ గుడ్డు మీరే తీసుకోండి" అంది.

నక్షత్రం మీద బొటనవేలితో నొక్కితే మూత పెళుక్కున విరిగింది. ఆవిరి పైకొచ్చింది. ప్రియ చూస్తుండగా వేళ్లు లోపలికి పెట్టాడు. కాలినా వెనక్కి లాక్కోలేదు. వెతికి ఒక్క గుడ్డు తీసి, తువ్వాలు కొసన మూటగట్టుకున్నాడు. అప్పుడు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ ఆవిడని చూసి భయపడ్డాడే గానీ, ఆవిడంటే ఇంత ఇష్టమని అతనికే తెలియదు. ఆవిడ కుట్టకుండా వదిలేసింది చెయ్యి వణికినందుకా, తనని నమ్మినందుకా? ఈ ఒక్క అనుమానమూ తేల్చుకోవాలని అతనికి అనిపించలేదు. లోపలికి వెళ్లి దణ్ణం పెట్టి వచ్చాడు.

సాయంత్రం భట్టీ చల్లారబెట్టి, తెడ్డు గోడకి ఆనించి, గిరిసోల బండికి బయల్దేరాడు. గుడ్డు తువ్వాలులోనే ఉంది. దాన్లో సగం సీతాలుకి, ఆనాటి గుడ్డు సంగతంతా కూడా ఇవాళ సీతాలుకే చెప్పాలి.

"పీట మేకుకి తగిలించేదా, ఢిల్లీ భాయి?" పూర్ణచంద్ర వెనకనించి అడిగాడు.

"ఉండనీండి బాబూ."

దీపాలార్పారు. వైరు లేని కెమెరా కింద, చల్లారుతున్న భట్టీకి ఎదురుగా, పొట్టికాలికి గుడ్డపీలిక చుట్టిన ముక్కాలిపీట వేసింది వేసినట్టే ఉంది.