పోయినవాళ్ళ కంచం

తల్లి పోయాక చిట్టి తినడం మానేసింది. ముద్ద నోట్లో పెడితే పెట్టిన చోటే ఉండేది. అమ్మమ్మ బతిమాలింది, బెదిరించింది, చివరికి కుట్టుమిషను మీద తల వాల్చి ఏడ్చింది. ఏం చేస్తే ఏం, పిల్ల ఎముకల గూడయిపోయింది.

ఓ పొద్దున పిల్ల కనబడక అమ్మమ్మ పైవాటాకి పరుగెత్తింది. అక్కడ పరాయి దేశం నుంచి వచ్చిన ఒకావిడ ఒంటరిగా ఉంటోంది. ఆవిడ పొద్దుటి తిండి ఎప్పుడూ ఒకటే: నల్లరొట్టె, సగం ఉడికిన గుడ్డు, చిటికెడు ఉప్పు. చిట్టి బల్ల దగ్గర కూర్చుని, పచ్చసొనలో రొట్టె ముంచుకుని ఆవురావురుమని తింటోంది. అమ్మమ్మకి ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

"ఆ కంచం మా అమ్మాయిదమ్మా. చిన్నప్పుడే పోయింది. మా వైపు పోయినవాళ్ళకి రోజూ పొద్దున్నే వడ్డిస్తాం. అందులో ఇంకెవరూ తినకూడదు. వేరే కంచం పెడితే మీ పిల్ల ముట్టడం లేదు, తీసుకెళ్ళిపోండి."

"కంచంలో ఏముందండీ, మీ చాదస్తం కాకపోతే," అంది అమ్మమ్మ. "తిననివ్వండి. మీకు పుణ్యముంటుంది."

ఆవిడ ఇంకో రొట్టెముక్క కోసి ఆ కంచంలోనే పెట్టింది. కన్నకూతురి కంచం ఖాళీ అవుతుంటే ఏ తల్లికి కాదనబుద్ధేస్తుంది?

చిట్టి రోజూ పైకెళ్ళేది. బుగ్గలు నిండాయి. అమ్మమ్మ వీధంతా చెప్పుకుని మురిసిపోయింది. ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. పిల్లకి ఎడమచేతి వాటం వచ్చింది. ఎవరూ నేర్పని పాటేదో తెలియని భాషలో పాడుకునేది. "చిట్టీ" అంటే పలికేది కాదు. పైవాటా ఆవిడ తన కూతురి పేరుపెట్టి పిలిస్తే మాత్రం మెట్లెక్కి పరుగెత్తేది. అమ్మమ్మ గుండెల్లో రాయి పడింది.

ఇక ఊరుకుంటే లాభం లేదని, మర్నాడు తలుపు గడియపెట్టి తనే గుడ్డు ఉడకబెట్టింది, నల్లరొట్టె కోసింది. చిట్టి తల్లి తిన్న కంచం అటక మీంచి దింపి, తోమి, అందులో వడ్డించింది.

"తిను బంగారూ. ఇది మీ అమ్మ కంచం."

పిల్ల తింది. కుడిచేత్తోనే తింది. అమ్మమ్మకి మనసు కుదుటపడి, పైటచెంగుతో దాని మూతి తుడవబోయింది.

పిల్ల ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ గొంతు మళ్ళీ ఒక్కసారి వినాలని అమ్మమ్మ ఎంతగా ఏడ్చిందో దేవుడికే తెలుసు.

"నేను తింటాలే అమ్మా," అంది కూతురి గొంతు. "ముందు చిట్టికి పెట్టావా? ఏదీ, కనబడదేం?"