కైరుప్పల దుమ్ములో హేమలత కారు

హేమలతకు దుమ్ము పడదు. నాలుగు తుమ్ములతో పోయే రకం కాదు. ఛాతీ బిగుసుకుపోయి ఊపిరి కూత పెడుతుంది. అట్లాంటి మనిషి ఎంచుకున్న పనేమో, ఎమ్మిగనూరు మగ్గాల మీద దిగిన చీరెలను పాత కారులో వేసుకుని ఆదోని అంగళ్లకు చేర్చడం. పత్తి కాలంలో ఆ దారంతా దూది గాల్లో తేలుతుంటుంది. అద్దాలెక్కించి ఏసీ వేసుకుంటే దగ్గు తగ్గాల్సింది పోయి ఇంకా ఎక్కువయ్యేది.

ఉగాది దగ్గర పడుతుండగా ఒకరోజు కోటేకల్ దాటినాక పత్తి లారీ ఒకటి ముందు పడింది. దాన్ని దాటేలోపే ఆమెకు ఊపిరి అందలేదు. కారు పక్కకు తీసి, మందు పీల్చుకుని, స్టీరింగ్ మీద తల వాల్చేసింది. ఫోను చేస్తే మొగుడు ఉమేష్ బైకు మీద పరుగున వచ్చి ఇంటికి చేర్చాడు.

ఉమేష్ మగ్గం మనిషి. మాట తక్కువ. ఆ సాయంత్రం మాత్రం తెగేసి చెప్పాడు.

"కారు అమ్మేస్తాండా. హొళగుంద తిమ్మన్న అడిగినాడు. పండగ పోయినాక వచ్చి తోలుకుపోతాడంట."

"అమ్మేస్తే చీరెలు ఎవరు మోస్తారు?"

"అంగళ్లోళ్లే ఇంటికొస్తారు. రాకుంటే మానె. నువ్వు బతికుండాల గదా."

ఆ మాటలో ఉన్నది ప్రేమేనని ఆమెకు తెలుసు. అందుకే ఎదురు చెప్పలేకపోయింది. కానీ అంగళ్లవాళ్లు గుమ్మంలోకొస్తే వాళ్లు చెప్పిందే ధర. ఆమె స్టీరింగ్ పట్టినాకే ఆ ఇంటి చీరెకు గట్టి ధర నిలబడింది. అదంతా తన ఊపిరితిత్తుల పాలు కావడం ఆమెకు మింగుడు పడలేదు.

అమ్మేముందు ఒకసారి చూపించాలని ఉమేష్ కారును ఆదోనిలో మెకానిక్ ఉచ్చీరప్ప షెడ్డుకు తీసుకుపోయాడు. మూతికి తడిగుడ్డ కట్టుకుని హేమలత కూడా ఎక్కింది.

"అన్నా, కొత్త కార్లల్లో ఏసీ గాలికి ఫిల్టర్ ఉంటాదంట గదా. దీనికి యాడుంది?" అని మెకానిక్‌ను అడిగింది.

"దీనికి లేదమ్మా. ఇది తక్కువ రకం. బయటి దుమ్ము వచ్చింది వచ్చినట్టే లోపలికొస్తాది. ఇదే కారులో పై రకానికైతే ఉంటాది. అదో, ఆడ పడుండేది అదే."

షెడ్డు వెనక ముందు భాగం నుజ్జయిన కారొకటి ఉంది. హేమలత దాంట్లో దూరింది. ఎడమవైపు సామాన్ల అర ఊడదీస్తే వెనక నల్లటి ప్లాస్టిక్ పెట్టె, దానికి పొడుగాటి సన్న మూత. లాగితే మూత చేతికొచ్చింది. లోపల మడతలు మడతలుగా ఫిల్టర్, మసిగుడ్డలా ఉంది.

మూత పట్టుకుని తన కారులోకి వచ్చి అదే అర ఊడదీసింది. అదే పెట్టె. మూత ఉండాల్సిన చోట మాత్రం ప్లాస్టిక్ మూసుకుపోయి ఉంది. దాని మీద మూత కొలతకు ఒక గీత అచ్చు పడి ఉంది.

"అన్నా, ఇల్లు కట్టినారు, వాకిలి కోసేది మర్సినారు."

ఉచ్చీరప్ప టార్చి వేసి చూశాడు. "నిజమే. కానీ నేను కోయనమ్మా. బ్లేడు జారి లోపల ఏసీ కాయిలుకు తగిలితే గ్యాసంతా పోతాది. రేపు అమ్ముకునే కారు."

"అయితే బ్లేడియ్యి. నేను కోస్తా."

ఉచ్చీరప్ప ఉమేష్ వైపు చూశాడు. ఉమేష్ పెళ్లయినప్పటి నుంచి తెగిన పడుగు పోగులను ఆమె వేళ్లు అతికించడం చూస్తున్నవాడు.

"ఇయ్యన్నా. దాని చెయ్యి జారదు," అన్నాడు.

హేమలత రంపపు బ్లేడు ముక్కకు గుడ్డ చుట్టుకుంది. గీత మీద ముందు సన్న చీలిక తీసి, అందులోంచి చీరెల డబ్బా అట్ట ఒకటి లోపలికి దూర్చి కాయిలుకు అడ్డం పెట్టింది. ఆ తరువాత తొందరపడకుండా చుట్టూ కోసింది. మెడ పట్టేసింది, చెమట కళ్లలోకి కారింది. ముక్క ఊడి వచ్చినాక అట్ట బయటికి లాగి, ప్లాస్టిక్ పొట్టంతా ఏరేసింది. ఉచ్చీరప్ప బజారు నుంచి తెప్పించిన కొత్త ఫిల్టర్‌ను బాణం గుర్తు చూసి దూర్చి, మూత నొక్కింది. టక్కుమంది.

అయితే తిరుగు దారిలో మళ్లీ దగ్గొచ్చింది.

మర్నాడు ఫిల్టర్ బయటకు లాగి వెలుతుర్లో పెట్టి చూసింది. దుమ్ము నడుమ కంటే ఒక అంచున ఎక్కువగా పట్టి ఉంది. ఆ పక్క సందు మిగిలి, గాలి ఫిల్టర్‌ను తప్పించుకుని పోతోందన్నమాట. ఆ అంచు పొడుగునా స్పాంజి పట్టీ అతికించి, మళ్లీ బిగుతుగా దూర్చింది.

"ఉగాది మర్నాడు కైరుప్పలకు పోదాం," అంది.

ఉమేష్ మగ్గం ఆపేశాడు. "పిడకల కొట్లాటకా? మతి ఉందా నీకు? ఊరంతా దుమ్మే గదా ఆ పొద్దు."

"దుమ్ములో నిలబడితేనే గదా తెలిసేది. ఆడ ఊపిరాడకుంటే తిమ్మన్నకు నేనే తాళమిస్తా."

మామ గిడ్డయ్యకు ఆ వేడుక చూడాలని ఎప్పటినుంచో ఉంది. "నేనూ వస్తాండా మే," అని పంచె మార్చుకుని అందరికంటే ముందే కారెక్కాడు.

కైరుప్పలలో జనం నేల ఈనినట్టున్నారు. ఊరి అంచున కారు ఆపి, తండ్రీకొడుకులు దిగి జనంలో కలిసిపోయారు. హేమలత అద్దాలెక్కించి, ఏసీ నడుస్తుండగానే, పీల్చే మందు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏటా జరిగే ఆ వేడుకలో ఊరివాళ్లు రెండు పక్షాలుగా నిలబడి ఒకరి మీదొకరు పిడకలు విసరడం మొదలుపెట్టారు. పిడకల పొడి ఆకాశానికి లేచింది. అంతలో గాలి తిరిగి ఆ మబ్బంతా కారు మీదికే వచ్చింది. అద్దాల బయట ఏమీ కనబడలేదు. చెయ్యి మందు మీదికి పోయింది.

పీల్చింది, మెల్లగా. కూత లేదు. ఇంకొంచెం లోతుగా, ఛాతీ నిండా పీల్చింది. చల్లటి, వట్టి గాలి. ఆ మబ్బు నడుమ ఒక్కతే కూర్చుని హేమలత నవ్వింది. మందు తీసి వెనక సీటులో పడేసింది.

మబ్బు విడిచేసరికి ఉమేష్ పరిగెత్తుకొచ్చాడు. మనిషి పిడకలాగే ఉన్నాడు. అద్దానికి మొహం ఆనించి కంగారుగా చూశాడు.

"ఎట్లుంది?"

అద్దం దించకుండానే ఆమె మందు లేని రెండు చేతులూ పైకెత్తి చూపించింది. ఉమేష్ అక్కడే నిలబడి ఫోను తీశాడు. జనం కేకల్లో గట్టిగా అరిచి చెప్పడం ఆమెకు లోపలికి వినపడింది. "తిమ్మన్నా, కారు అమ్మేది లేదప్పా. లే, ధర సంగతి గాదు. మా ఇంట్లోదానికి దాంతో పనుంది."

గిడ్డయ్య దుమ్ము కొట్టుకుపోయిన తలపాగాతో వెనక ఎక్కి, మందు డబ్బాను పక్కకు జరిపి కూర్చున్నాడు. తిరుగు దారిలో ఆదోని దాటుతుంటే పత్తి లారీలు వరుసగా ఎదురొచ్చాయి. హేమలత ఒక్కోదాన్నీ దాటుకుంటూ పోయింది.

"ఏమప్పా, బళ్లారిలో పెద్ద చీరెల అంగళ్లున్నాయంట," అంది మొగుడితో.

"దూరం గదా."

"దూరమే," అని గేరు మార్చింది. "సోమవారం పోతాండా."