గంటన్నర ట్రిప్పు

మేమున్న విల్లాను ఎవరో ఖతరీ పెద్దమనిషి తన ఒక్క సంసారం కోసం కట్టించుకున్నాడు. 2008 నాటికి అందులో పద్నాలుగు సంసారాలు ఉండేవి. ఒకప్పుడు అతిథులు కూర్చునే హాలును ప్లైవుడ్‌తో నాలుగు ముక్కలు చేశారు. కిటికీ ఉన్న ముక్క మాది. పక్క ముక్కలో హబీబున్నీసా తుమ్మితే మా ఆయన నిద్రలోనే "చిరంజీవ" అనేవాడు. రాస్ లఫాన్ తీరంలో గ్యాస్ పైకి వస్తున్నకొద్దీ విమానాల్లోంచి మాలాంటివాళ్ళు కిందికి దిగుతూనే ఉన్నారు. మా ఆయన డ్రాఫ్ట్స్‌మన్ జీతానికి అల్ మన్సూరా పేటలో దొరికేది ఆ ముక్కే. అది కూడా పోతే నేనూ పిల్లలిద్దరూ తణుకుకి, ఆయన లేబర్ క్యాంపుకి.

జనం పెరిగారు గానీ సెప్టిక్ ట్యాంకు పెరగలేదు. అది ఇంకా ఆ ఒక్క సంసారం లెక్కలోనే ఉండిపోయింది. నెలకోసారి తోడాల్సిన దాన్ని వారానికోసారి, ఆ తర్వాత రోజు విడిచి రోజు తోడించాల్సి వచ్చింది. ఒక్కరోజు ఆలస్యమైతే పెరట్లో మూత లేచేది. అప్పుడు ఇటుకల మీద అడుగులు వేసుకుంటూ, ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు, ఇంకో చేత్తో కూరగిన్నె పట్టుకుని వంటింట్లోంచి వచ్చేవాళ్ళం. భరతనాట్యం నేర్చుకోలేదన్న కొరత అలా తీరింది.

విల్లాను అద్దెకు తీసుకుని ముక్కలు చేసి మాకిచ్చింది హైదరాబాదు మనిషి గౌస్ మొహియుద్దీన్. ట్యాంకర్ నడిపే రాజనర్సుది జగిత్యాల దగ్గర పల్లె. ఇళ్ళలో తోడిన మురుగు పోయడానికి నగరం బయట ప్రభుత్వం ఒక చోటు కేటాయించింది. అక్కడ ట్యాంకర్లు కిలోమీటర్ల పొడుగున వరుసలో నిలబడేవి. వెళ్ళి, తన వంతు వచ్చేదాకా ఆగి, పోసి రావడానికి ఆరు గంటలు పడుతుందని అందరూ చెప్పేవారు. రాజనర్సు గంటన్నరలో తిరిగి వచ్చేవాడు.

నేను బి.ఎస్సీ లెక్కలు చదివాను. ఆరులోంచి ఒకటిన్నర తీసేస్తే మిగిలేది ఎడారి అని నాకు తెలుసు. ఒకసారి టీ ఇస్తూ అడిగాను కూడా.

"ఏం రాజనర్సూ, అక్కడ వరుస తగ్గిందా?"

"మంచి చాయ్ పోసి గసొంటి మాటలు అడుగుతరా అక్కా," అన్నాడు గ్లాసులోకి చూస్తూ.

నవ్వేసి ఊరుకున్నాను. మూత లేవకుండా ఉంటే చాలు అనుకునే రోజులవి.

మే నెలలో ఒక శుక్రవారం. జుమ్మా నమాజు అయిపోయి మగవాళ్ళంతా ఇళ్ళలో ఉన్నారు. అన్నాలు వడ్డించే వేళకు ట్యాంకర్ వచ్చి గేటు స్తంభానికి గుద్దుకుని ఆగింది. కిటికీలోంచి చూశాను. రాజనర్సు ముఖం సగం నెత్తురు. పక్క సీట్లో ఎండకు కమిలిన బక్కపలచటి మనిషి, తలకు గళ్ళ రుమాలు, చేతిలో టైర్లు విప్పే ఇనుపకడ్డీ. ఆ కడ్డీ కొస రాజనర్సు మెడకు గట్టిగా అదిమి ఉంది.

"దిగు," అన్నాడు ఆ మనిషి, తెలుగులో.

రాజనర్సు దిగలేకపోయాడు. అతని మోకాలు వంగకూడని వైపుకి వంగింది. ఆ మనిషి కాలితో తన్ని కింద పడేసి, తనూ దూకి, అదే మోకాలి మీద మళ్ళీ కొట్టాడు. ఆ చప్పుడు మా గదిలోకి వినిపించింది. రాజనర్సు కేక ఆ తర్వాత వచ్చింది.

అన్ని తలుపులూ తెరుచుకున్నాయి.

"నా పేరు హన్మాండ్లు. మాది ఆర్మూర్ దిక్కు," అన్నాడు ఆ మనిషి, పిలిస్తే పెళ్ళికి వచ్చినవాడిలాగా. "పన్నెండేండ్ల సంది ఈడ మేకలు కాస్తున్న. నా బాయి పక్కకు దెచ్చి వోస్తున్న పీతి మీదేనా?"

గుమ్మాల్లోకి వచ్చిన పిల్లలను తల్లులు లోపలికి లాగారు.

"ముందుగాల నాకు ఎర్కలే. ఎన్నడు లేంది ఇసుకల పచ్చగ మొలిసింది. టమాట చెట్లు. నేను గూడ సంబురపడ్డ. మేకలు గటే ఉరికినయ్. తిన్నయ్, ఆ నీళ్ళే తాగినయ్. ఇరవై రెండు సచ్చినయ్. బాయిల నీళ్ళు తాగి నాకు నెత్తురు వడ్డది." రుమాలు కొంగు విప్పి గుప్పెడు గింజలు మా మీదికి విసిరాడు. "ఇవి జూసినంక సమజైంది. చింతగింజలు. మనోల్ల పనే ఇది."

మలయాళీలూ తమిళులూ కూడా చింతపండు తింటారు. కానీ చేతిలో కడ్డీ ఉన్న మనిషిని సరిదిద్దడం నా చదువులో భాగం కాదు.

"తొవ్వల నిలవడి 'అన్నా, మనోనివేనా' అని పిలిచిన," అన్నాడు హన్మాండ్లు రాజనర్సును చూపిస్తూ. "నవ్వుకుంట బండి దిగిండు."

"గా ఎడారిల తెలుగు ఇనవడితే దిగకుంట ఉంటనా!" అని నేల మీద నుంచే ఏడ్చాడు రాజనర్సు. దెబ్బకన్నా ఆ మోసమే ఎక్కువ నొప్పిగా ఉన్నట్టుంది.

గౌస్ తన గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "అరే భాయ్, కూసోని మాట్లాడుకుందాం. ముందల ఆ రాడ్ కింద పెట్టు. నీ కఫీల్ ఎవరు, ఏ షేక్ కింద పనిజేస్తున్నవో చెప్పు, నేను మాట్లాడ్త."

హన్మాండ్లు అతని నోటి మీద కొట్టాడు. గౌస్ రెండు చేతులతో మూతి పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. హన్మాండ్లు ట్యాంకర్ వెనక్కి వెళ్ళి, గొట్టం కట్టు ఊడగొట్టి, దాని కొస వాకిట్లోకి లాగి, వాల్వు తిప్పాడు. రాజనర్సు ఆ రోజు పొద్దున తోడుకుపోయిన మా రెండు రోజుల బతుకంతా వాకిట్లోకి ఒక్కసారిగా దూకింది. నల్లగా, మోకాలెత్తున. చెప్పులు తేలాయి, ముగ్గుచిప్ప తేలింది. కిందపడిన రాజనర్సు దవడ దాకా మునిగి స్తంభాన్ని పట్టుకున్నాడు. ఆడవాళ్ళం పిల్లలను చంకనెత్తుకుని మంచాలెక్కాం.

మగవాళ్ళు అప్పుడు కదిలారు. ఒకడు క్రికెట్ బ్యాటు తెచ్చాడు, ఒకడు నీళ్ళ పైపు ముక్క. మొదటి దెబ్బకు కడ్డీ జారింది. రెండో దెబ్బకు హన్మాండ్లు పడ్డాడు. ఆ తర్వాత వచ్చిన దెబ్బలకు లెక్క లేదు. డ్యూటీల్లో తిన్న తిట్లు, ఒక్క బాత్రూము ముందు కట్టిన క్యూలు, ప్లైవుడ్డు అవతల దగ్గులు, అన్నీ ఆ ఒక్క వీపు మీద దిగుతున్నాయి. బొద్దింకను కూడా చంపలేక చీపురుతో బయటికి నెట్టే మా ఆయన లుంగీ ఎగ్గట్టి అతని డొక్కలో తన్నాడు. నేను చూస్తుండగానే ఆ కాలు రెండోసారి లేచింది.

హన్మాండ్లు ముఖం మురుగులో ఉంది. ఎవరిదో పాదం అతని మెడ మీద ఉంది. కాసేపు బుడగలు వచ్చాయి. తర్వాత తగ్గాయి.

"ఫోన్లు ఎవ్వరూ తియ్యొద్దు," అన్నాడు గౌస్ మూతికి తువ్వాలు అదుముకుని. "పోలీస్ వస్తే బలదియా వస్తది. మునిసిపాలిటోళ్ళు ఈ పార్టిషన్లు చూస్తే రాత్రికి అందరం రోడ్డు మీదనే. వీణ్ణి బండ్లె ఏసి వాని బాయి కాడ దించేసొద్దాం. యల్లా, కాళ్ళు పట్టుండ్రి."

ఇద్దరు వంగి కాళ్ళు పట్టుకున్నారు. వద్దని ఒక్కరూ అనలేదు. అనకపోవడంలో నాకూ అనుభవం ఉంది.

గదిలో మా ఆయన ఫోను చార్జింగులో ఉంది. 999 నొక్కాను. ఇంగ్లీషులో సందు పేరు చెప్పాను, ఇంటి పక్క బేకరీ పేరు చెప్పాను, ఒక మనిషి చనిపోతున్నాడని చెప్పాను. ఫోను చేతిలో పట్టుకునే వాకిట్లోకి దిగాను.

"ఎవరికి చేశావ్?" అన్నాడు మా ఆయన. ఇంకా రొప్పుతున్నాడు.

"అంబులెన్సుకి."

"పిచ్చెక్కిందా నీకు? పిల్లల బడి సంగతి ఆలోచించావా?"

"జూన్‌లో తణుకులో చేర్పిద్దాం లెండి. కాలు తియ్యండి."

ఆ పాదం ఆయనదేనని అప్పటిదాకా ఆయనకు తెలియనట్టుంది. తీశాడు.

హబీబున్నీసా మంచం దిగి వచ్చింది. కాళ్ళు పట్టుకున్న ఇద్దరిలో ఒకడు ఆమె మొగుడే. "ఇడువుండ్రి! పానం ఉన్నది ఇంకా," అని అతని చెంప మీద కొట్టింది. ఇద్దరం కలిసి హన్మాండ్లును వెల్లకిలా తిప్పి మెట్ల దాకా లాగాం. నోట్లో వేలు పెట్టి లోపలున్నది బయటికి తీశాను. దగ్గాడు. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. చెవి సగం వేలాడుతోంది.

"నీళ్ళు," అన్నాడు.

తాగే నీళ్ళ డబ్బాలోంచి గ్లాసు నింపి పెదాలకు ఆనించాను. అతను తాగలేదు. మా నడుమన కూర్చుని, ఆ స్థితిలో, గ్లాసు అంచుకు ముక్కు ఆనించి వాసన చూశాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఆ తర్వాతే గుటక వేశాడు. సగం నీళ్ళు ఎర్రగా తిరిగొచ్చాయి.

అంబులెన్సు వెనకే పోలీసు జీపు వచ్చింది. హన్మాండ్లునూ రాజనర్సునూ పక్కపక్కనే స్ట్రెచర్ల మీద ఎక్కించారు. బూట్లు తడవకుండా గేటు దగ్గరే నిలబడ్డ పోలీసు, వచ్చీరాని హిందీలో ఇక్కడెంతమంది ఉంటారని గౌస్‌ను అడిగాడు.

"ఒకటే ఫ్యామిలీ సాబ్," అన్నాడు గౌస్ తువ్వాలు వెనక నుంచి. "అందరూ చుట్టాలే."

పోలీసు వరండాలో వరుసగా నిలబడ్డ గ్యాస్ సిలిండర్ల వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఫోను నా చేతిలోనే ఉంది. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. అది బతిమాలడమో బెదిరించడమో పన్నెండేళ్ళ కాపురం తర్వాత కూడా తేల్చుకోలేకపోయాను.

"పద్నాలుగు కుటుంబాలు," అన్నాను. "ఈ మురుగంతా మాది. ఇన్నాళ్ళూ అతని బావి పక్కన పోయించాం. ఎక్కడో పోస్తున్నారని నాకు తెలుసు."

పోలీసు పుస్తకం తీశాడు. మెట్ల మీద గౌస్ కళ్ళు మూసుకున్నాడు. వాకిట్లో ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టడానికి టైము లేదు. హబీబున్నీసా నా భుజం తట్టి లోపలికి వెళ్ళింది. ప్లైవుడ్డు అవతల బీరువా మీది సూట్‌కేసు దించుతున్న చప్పుడు వినిపించింది, తర్వాత దాని పక్క గదిలో, ఆ పక్క గదిలో.