రెండు కన్నాల పెట్టె

రేవు రేడియో గదిలో పవర్ కొలిచే మీటరు పాడై నాలుగేళ్ళయింది. కొత్తది ఇమ్మని అడిగీ అడిగీ నా నోరు నొప్పెట్టింది కానీ పైవాళ్ళకి చీమ కుట్టినట్టయినా లేదు. చివరికి నేనే ఒక చెక్కపెట్టె చేసుకున్నాను. లోపల ఒకే రకం బల్బులు రెండు, మధ్యలో అట్టముక్క అడ్డం, ముందు రెండు కన్నాలు. ఏరియల్ ఊడదీసి ట్రాన్స్‌మిటర్‌కి ఎడమ బల్బు తగిలిస్తాను. కుడి బల్బు మామూలు కరెంటుది. కన్నాలకి రెండు కళ్ళూ ఆనించి, రెండూ సమానంగా వెలిగేదాకా కుడిదానికి కరెంటు పెంచుతాను. అది ఎన్ని వాట్లు తింటే ట్రాన్స్‌మిటర్ అన్ని ఇస్తున్నట్టు లెక్క. వంద ఉంటేనే దూరం పోయిన పడవలకి మాట వినపడుతుంది. నెలనెలా వంద అని రాసి సంతకం పెడతాను. ఆ సంతకం నమ్ముకునే పడవలు దూరం పోతాయి.

పోయిన నెల గాలివాన హెచ్చరిక మైకులో చదివింది నేనే. అన్ని పడవలూ తిరిగొచ్చాయి, అందరికన్నా దూరం వెళ్ళిన మా బావమరిదిది తప్ప. మర్నాడు విరిగిన పడవతో వచ్చి, రేడియోలో ఏమీ వినపడలేదన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా రేడియో సెట్టు నిక్షేపంలా ఉంది, నువ్వే నిద్రపోయుంటావు, ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే అని రేవులో అందరి ముందూ అనేశాను. అందరూ నవ్వారు. యజమాని అతన్ని పడవ పనిలోంచి తీసేశాడు. ఇప్పుడు ఒడ్డున కూర్చుని వలలు బాగుచేస్తున్నాడు.

అప్పట్నుంచీ నా భార్య నాతో ముక్తసరిగానే మాట్లాడుతోంది. ఇవాళ భోజనం క్యారియర్ తెచ్చి బల్ల మీద పెట్టింది. నేను బల్బులు సమానం చేసి, నీరసంగా పెన్ను వెతుక్కుంటున్నాను. ఆవిడ ఊరికే కన్నాల్లోకి వంగి చూసి, "కుడిది అంత ఎక్కువ వెలుగుతోందేం?" అంది.

విసుక్కుంటూ మళ్ళీ చూశాను. ఎడమ కన్ను ఒక్కదానితో రెండు కన్నాల్లోకీ చూస్తే ఆవిడ అన్నదే నిజం. కుడి కంటితో చూస్తే రెండు బల్బులూ మసకే. ఆ కంటికి పొర కమ్మింది, ఎన్నాళ్ళయిందో తెలీదు. ఆ మసకకి సరిపోవాలని కుడి బల్బుకి కరెంటు ఎక్కువిస్తూ వచ్చానన్నమాట. ఒంటి కంటితో కొలిస్తే నలభై దగ్గర ఆగింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

"అంటే మా తమ్ముడు నిద్రపోలేదు," అంది.

ఏరియల్ తగిలించి మైకు అందుకున్నాను, పడవలన్నిటికీ చెప్పేద్దామని. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"దూరం వెళ్ళకండని వాళ్ళకి చెప్పండి. వాడి సంగతి మాత్రం ఇందులో కాదు. రేవులో అన్నారుగా, రేవులోనే చెప్పండి."

పడవలకి చెప్పి, పుస్తకంలో నలభై అని రాసి, కాళ్ళీడ్చుకుంటూ రేవుకి వెళ్ళాను. యజమాని అక్కడే ఉన్నాడు, ఆ రోజు నవ్వినవాళ్ళూ ఉన్నారు. తప్పు నాదని, సెట్టు సగం కూడా పనిచెయ్యడం లేదని అందరికీ వినపడేలా చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బావమరిది వల మీంచి తల ఎత్తలేదు.

"ఆ రోజు ఎంతసేపు చదివావు బావా?"

"రెండు గంటలు."

"ఆ రెండు గంటలూ రేడియోకి చెవి ఆనించుకునే కూర్చున్నాను," అన్నాడు.