అత్త ఆగని చోటు

శనివారం సంతలో ఒతీలియా గొంతు విప్పిందంటే మేకలు కూడా నెమరు ఆపేస్తాయని పెద్రా మాన్సా ఊళ్ళో ఒక మాట ఉంది. ఆమె అమ్మేది కథలు. చేతిలో ఇమిడే పల్చటి పుస్తకాలు, చెక్క అచ్చుతో నల్లగా వేసిన బొమ్మల అట్టలతో, రెండు గుంజల మధ్య కట్టిన తాడుకి బట్టల క్లిప్పులతో వేలాడుతుంటాయి. అందులో ఒకటి తీసి, పెట్టె మీద దరువేస్తూ పైకి చదువుతుంది. కథ ఎక్కడ బిగుసుకుంటుందో అక్కడ ఠక్కున మూసేస్తుంది. తర్వాత ఏమైందో కావాలంటే కొనుక్కుని చదువుకోవాలి. వాళ్ళ నాన్న అలాగే అమ్మాడు, తాత కూడా అలాగే అమ్మాడు.

ఆ శనివారం మాత్రం తాడు నడిమి భాగం బాగా కుంగింది. అక్కడ వేలాడుతున్నది దిండంత నవల. దాన్ని మొయ్యడానికి ఒక క్లిప్పు చాలక ఒతీలియా నాలుగు పెట్టింది, మిగతా కాపీలు కింద పెట్టెలో పేర్చింది. అట్ట మీద నీలం రంగు పాము ఒకటి చుట్ట చుట్టుకుని ఉంది. పైన ‘కింద పారే ఏరు’ అని పుస్తకం పేరు, కింద జందీరా పేరు.

“మా తమ్ముడి కూతురే రాసింది. నా చేతి కూడు తిని పెరిగిన పిల్ల. రెసీఫె పట్నంలో అచ్చు వేశారు,” అని పొద్దున్నుంచి దారిన పోయే ప్రతివాళ్ళకీ చెబుతోంది ఒతీలియా. “ప్రాస లేదు, పాట లేదు, ఉత్త వచనం. అయినా చూడండి, నేను చదివితే ఎట్లా నడుస్తుందో!”

జందీరా ఆ వెనకే, ఖాళీ పెట్టెల పక్కన కూర్చుని వేళ్ళు నలుపుకుంటోంది. ఆమెకి మాటలు తక్కువ. తల్లి చనిపోయిన ఏడాది నుంచి అత్త వెనకే కూర్చుని, వింటున్న మొహాలు చూస్తూ పెరిగింది. ఎవరు ఏ మాటకి నోరు తెరుస్తారో, ఎవరు ఏడుపు దాచుకోవడానికి టోపీ కిందికి లాక్కుంటారో ఆమెకి తెలుసు. ఇవాళ ఆ మొహాలే చూడాలంటే భయంగా ఉంది.

పోయిన నెలలో రెసీఫె పుస్తకాల పండగలో ఇంత భయం లేదు. అక్కడ ఆమెతోపాటు ఒకే బల్ల ముందు ఇంకో ముగ్గురు కొత్త రచయితలు కూర్చున్నారు. ఎగిరే పడవల ఊళ్ళో ఇద్దరు జాలరి కుర్రాళ్ళ ప్రేమ గురించి ఒకతను రాశాడు. అబ్బాయిగా పుట్టి, ఉరుముల దగ్గర చదువుకుని, అమ్మాయిగా ఊళ్ళోకి తిరిగొచ్చిన పిల్ల గురించి ఇంకొకామె రాసింది. స్కూలు పిల్లలు భుజాల మీద ఇంద్రధనుస్సు రంగుల జెండాలు కప్పుకుని బారులు తీరారు. జందీరా తన పుస్తకంలో తనకి అన్నిటికన్నా ఇష్టమైన పేజీ చదివింది. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

అదే పేజీ ఇక్కడ, తనకి పాలు పోసిన వాళ్ళ ముందు, జుట్టు దువ్విన వాళ్ళ ముందు, బడిలో పక్కన కూర్చున్న వాళ్ళ ముందు వినిపించడం వేరు. ఇక్కడ ఎవరికీ తన సంగతి తెలియదు. అత్తకీ తెలియదు.

ఒతీలియాకి ఒక పట్టుదల ఉంది. కొత్త పుస్తకాన్ని సంతలో మొదటిసారి అమ్మేదాకా తను చదవదు. “నాకు తెలిస్తే నా గొంతుకి తెలిసిపోతుంది, గొంతుకి తెలిస్తే జనానికి తెలిసిపోతుంది,” అంటుంది. అందుకని ఎక్కడ ఆగాలో రాసినవాళ్ళే చెప్పాలి. పొద్దున కాఫీ తాగుతూ నవలని జందీరా ముందుకు తోసి, “ఆపే చోట క్లిప్పు పెట్టు,” అంది. జందీరా పెట్టింది. తనకి అన్నిటికన్నా ఇష్టమైన ఆ పేజీకి సరిగ్గా ముందు పెట్టింది.

జనం చేరారు. ముందు వరసలో మేక జున్ను అమ్మే జెనివాల్దో, ఆయన భార్య, తోలు టోపీల కొట్టతను, ప్రతి వారం వచ్చి ఎప్పుడూ ఏమీ కొనని మర్లూసి. వాళ్ళ వెనక పక్కూరి నుంచి బస్సెక్కి వచ్చిన స్కూలు అమ్మాయిలు ఇద్దరు. జందీరా ఈ కథలో కొన్ని భాగాలు మొదట ఫోన్లలో చదువుకునేలా పెట్టింది. అప్పటి నుంచి వాళ్ళు ఆమె పాఠకులు.

ఒతీలియా పెట్టె మీద దరువేసింది. కథ మొదలైంది.

ఏళ్ళుగా వాన లేని నేల. ఏరు భూమి కిందికి దిగిపోయింది. మేకలు కాసే బెనెదీతా ఒక గోతిలో చెవి ఆనిస్తే నీళ్ళ చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు పట్టుకుని లోపలికి దిగితే, ఏరుని తన చుట్టల మధ్య దాచుకుని కాపాడుతున్న ఇనయా కనిపించింది. నడుము దాకా అమ్మాయి, కింద నీలం పాము. పైన కోటలో ఉన్న కెప్టెన్ ఏరుని పట్టి తన తొట్లలో నింపుకోవాలని చూస్తున్నాడు. పైగా బెనెదీతాని పెళ్ళి చేసుకుంటానని కబురు పంపాడు.

“ఆ కెప్టెన్‌నే చేసుకుంటుంది చూడు,” అన్నాడు జెనివాల్దో. “కోపంగా ఉన్నవాడు చివరికి మంచివాడవుతాడు. జున్ను ముద్ద పందెం.”

“నీ మొహం. నువ్వు మంచివాడివయ్యావా?” అంది భార్య.

అందరూ నవ్వారు. ఒతీలియా నవ్వులు సద్దుమణిగేదాకా ఆగి మళ్ళీ అందుకుంది. బెనెదీతా, ఇనయా కలిసి గోతి అడుగున మేకలకి నీళ్ళు పోసి కడుగుతున్నారు. అంతే, క్లిప్పు వచ్చింది.

ఒతీలియా క్లిప్పు వంక చూసింది. పేజీ వంక చూసింది. వెనక్కి తిరిగి జందీరా వంక చూసింది.

“ఇదేం చోటే? మేకలు కడిగే దగ్గర ఎవరైనా ఆపుతారా? ఎవరి ప్రాణం మీదికొచ్చిందని ఇక్కడ?”

“అక్కడే ఆపు అత్తా.”

“ఆపితే ఒక్క కాపీ కూడా అమ్ముడుపోదు.” ఒతీలియా క్లిప్పు పీకేసి జేబులో వేసుకుంది. “రాయడం వచ్చింది గానీ ఆపడం రాలేదు పిల్లకి. వినండి.”

జందీరా లేవబోయింది. అత్త గొంతు అప్పటికే ఆ పేజీలోకి దిగిపోయింది.

“బెనెదీతా చేతిలోని చెంబు పక్కన పెట్టింది. ‘నువ్వు దాచింది ఏరునే అనుకున్నాను. నన్ను కూడా దాచుకున్నావు,’ అంది. ఇనయా తడి చేతులతో ఆమె మొహం పట్టుకుంది. ఇద్దరి...”

ఒతీలియా గొంతు సగం ఊపిరి సేపు ఆగింది. వేళ్ళు మాత్రం దరువు ఆపలేదు. మళ్ళీ అదే గొంతుతో, అంతే పెద్దగా చదివింది.

“ఇద్దరి పెదవులూ కలిశాయి. ఎండిన నేల మీద అక్కడక్కడా చెమ్మ పుట్టింది.”

వెనక ఉన్న స్కూలు అమ్మాయిలు ఇద్దరూ పెదవులు కదుపుతున్నారు. ఒక్క మాట తప్పకుండా, అత్త కంటే ఒక అక్షరం ముందుగానే.

సంతలో ఆ మూల చెరకు రసం మిషను చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

“ఆగు ఒతీలియక్కా,” అన్నాడు జెనివాల్దో. “ఆ ఇనయా ఆడపిల్ల కదూ?”

“పొద్దున్నుంచి ఆడపిల్లే.”

“ఈమె కూడా ఆడపిల్లేగా?”

“నడుము కింద పాము ఉందంటే ఇందాక నోరు తెరుచుకుని నమ్మావు. ఇదొక్కటీ గొంతు దిగలేదా నీకు?”

ఎవరో కిసుక్కున నవ్వారు. మర్లూసి సంచీ చంకన పెట్టుకుని, “ఇలాంటివి సంతలో చదువుతారా, పిల్లలు తిరిగే చోట,” అని గట్టిగానే అంటూ వెళ్ళిపోయింది. ఆమె వెంట ఇంకో ఇద్దరు కదిలారు.

జెనివాల్దో చెడ్డవాడు కాదు. జందీరా వంక జాలిగా చూశాడు. “అది కాదక్కా. అచ్చువాళ్ళు తమకి తోచింది కలిపి ఉంటారు. మన నాన్నల కాలంలోనూ కలిపేవాళ్ళు కాదూ? అమ్మాయి కెప్టెన్ అనే రాసి ఉంటుంది. ఏం జందీరా, అంతేనా?”

ఒతీలియా కూడా తిరిగి చూసింది. ఆ చూపులో కోపం లేదు, సాయమూ లేదు. ఏం వస్తుందో తెలియని కథ వినేటప్పుడు జనం చూసే చూపు అది. “చెప్పు మరి. నువ్వు రాసిందా, వాళ్ళు కలిపిందా?”

తప్పించుకునే తలుపు బార్లా తెరిచి ఉంది. అవునని తల ఊపితే చాలు. జెనివాల్దో రెసీఫె వాళ్ళని నాలుగు తిట్లు తిడతాడు, సంత మళ్ళీ మొదలవుతుంది, సాయంత్రం ఇంట్లో ఎప్పటిలాగే చిక్కుళ్ళూ అన్నమూ. కానీ ఆ పేజీ ఇంకెవరిదో అయిపోతుంది. ఆ పేజీ కోసం ఆమె మూడేళ్ళు కూర్చుంది. అక్కడ వెనక నిలబడ్డ ఇద్దరు పిల్లలు ఆ మాటలు కంఠతా పట్టి, వాటిని వినడానికి బస్సెక్కి వచ్చారు. వాళ్ళలో పొట్టి పిల్ల ఊపిరి బిగబట్టి ఉంది.

జందీరా లేచింది.

“ఎవరూ ఏమీ కలపలేదు బాబాయ్. మొదటి మాట నుంచి చివరి మాట దాకా నేనే రాశాను. వాళ్ళిద్దరూ ఆడపిల్లలే, ఒకళ్ళంటే ఒకళ్ళకి ప్రేమే.” గొంతు సన్నగానే ఉంది గానీ తెగలేదు. “నేను కూడా అంతే. నాలాంటి పిల్ల ఉన్న కథ ఈ తాడు మీద ఎప్పుడూ చూడలేదు. అందుకని రాశాను.”

ఒతీలియా పేజీలో వేలు పెట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత పుస్తకాన్ని తిప్పి జందీరా చేతుల్లో పెట్టింది.

“రాసినదానివి నువ్వయితే చదివేదీ నువ్వే. నాకు గొంతు ఆరిపోయింది.” మెల్లగా, ఆమెకొక్కదానికే వినపడేలా అంది, “ఈసారి మేకల దగ్గర ఆపావో, తంతాను.”

జందీరా అత్త నిలబడ్డ చోట నిలబడింది. మొదటి రెండు వాక్యాలు గాల్లోకి పోయాయి. మూడోదాని దగ్గర చెయ్యి దానంతటదే పెట్టె మీద దరువు అందుకుంది. కెప్టెన్ మనుషులు చెమ్మ జాడ పట్టుకుని గోతి దగ్గరికి వచ్చారు. తాళ్ళతో దిగారు. ఇనయాని బంధించి పైకి లాగుతున్నారు. ఎండ తగిలితే ఆమె బతకదు. బెనెదీతా కెప్టెన్ గుర్రానికి అడ్డం పడింది. ‘ఆమెని వదిలితే నీతో వస్తాను,’ అంది. కెప్టెన్ నవ్వాడు. ‘నువ్వు ఎలాగూ వస్తావు,’ అని తాడు లాగమని చెయ్యి ఎత్తాడు. ఇనయా జుట్టు మీద మొదటి ఎండ పడింది. అప్పుడు బెనెదీతా నడుము నుంచి కత్తి దూసి, కెప్టెన్ వైపు కాదు...

జందీరా పుస్తకం ఠక్కున మూసేసింది.

సంత ఒక్కసారిగా గొల్లుమంది.

“అరే, కెప్టెన్ వైపు కాకపోతే ఎటు?” జెనివాల్దో టోపీ తీసి నేలకేసి కొట్టాడు. “ఆ పిల్ల బతికిందా లేదా? ఆ పామమ్మాయి!”

“తాడు కోసిందేమో!” అంది ఆయన భార్య.

“కత్తి చేరేలోపు ఎండ చేరదూ?”

“చెప్పమ్మా, జందీరా, మనలో మనకేంటి?”

స్కూలు అమ్మాయిలకి అంతా తెలుసు. ఇద్దరూ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని గెంతుతున్నారు.

“పుస్తకంలో ఉంది బాబాయ్,” అంది జందీరా. తన నోట్లోంచి అది అచ్చం అత్త మాటలా రావడం ఆమెకే నవ్వు తెప్పించింది.

జెనివాల్దో సణుక్కుంటూ ఒకటి కొన్నాడు. టోపీల కొట్టతను ఇంకొకటి కొని, చుట్టూ చూసి, అట్ట లోపలికి తిప్పి చంకలో పెట్టుకున్నాడు. అమ్మాయిలిద్దరూ ముందే కొనుక్కున్న తమ కాపీలు సంచుల్లోంచి తీసి సంతకం పెట్టించుకున్నారు. పొట్టి పిల్ల ఏదో చెప్పాలని నోరు తెరిచి, చెప్పలేక జందీరా మెడ కావిలించుకుని పారిపోయింది.

కొత్త జనం చేరుతున్నారు. ఇక్కడేదో కేకలు వినపడ్డాయని చేపల వైపు నుంచి కూడా వస్తున్నారు. జందీరా అత్త కోసం వెనక్కి చూసింది. ఒతీలియా ఖాళీ పెట్టెల మధ్య కూలబడి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, తాడు మీది నవల తీసి తెరిచి చదువుకుంటోంది. కత్తి దూసిన పేజీ.

“అత్తా, జనం వచ్చారు.”

“కనపడట్లేదా, చదువుకుంటున్నాను,” అంది ఒతీలియా తల ఎత్తకుండా. “నువ్వు చూసుకో. గొంతు పెంచు. చేపల కొట్లదాకా వినపడాలి.”

జందీరా జనం వైపు తిరిగి మొదటి పేజీ తెరిచింది. ఈసారి మొదటి వాక్యం నుంచే చేపల కొట్లదాకా వినపడింది.